కుర్మయ్య పులులు, అక్క మేకలు

పాత కంప్యూటర్ డబ్బా పక్కరేకు విప్పగానే ఒక వాసన వస్తుంది. కాలిన దుమ్ము, బల్లి గుడ్ల పెంకులు, ఎప్పుడో లోపల దూరి ఎండిపోయిన బొద్దింక, వేడికి మెత్తబడి మళ్ళీ గట్టిపడ్డ ప్లాస్టిక్, వీటన్నిటి మీదా సన్నగా తుప్పు వాసన. వనపర్తిలో నేనుండే గది నిండా ఇప్పుడు అదే. వచ్చినవాళ్ళు ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి మాట్లాడిపోతారు. నాకు మాత్రం పొద్దున లేవగానే ఆ వాసన తగలకపోతే ఏదో తక్కువైనట్టుంటుంది.

గద్వాల నుంచి ఉప్పునుంతల దాకా వెతికినా పాతకాలపు కంప్యూటర్ ఆటలను కొత్త యంత్రాల మీద నడిపించగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే. హైదరాబాదు నుంచి పెద్ద పెద్ద ఇంజనీర్లు ఫోన్ చేసి నన్ను సలహా అడుగుతుంటారు. సరే, అడగరు. ఒకాయన ఒకసారి చేశాడు, అదీ గ్యాస్ సిలిండర్ల ఆఫీసనుకుని. నేను బతుకంతా బస్టాండు దగ్గర జిరాక్సు, టైపింగు దుకాణం నడిపినవాణ్ణి, తిరుపతయ్య అంటే చాలామందికి నేనెవరో కూడా తెలియదు. నేను నడిపించిన పాత ఆట ఒక్కటే, అది నా తమ్ముడు కుర్మయ్య రాసింది. మా అక్క ఈదమ్మ కన్నుమూసేలోపు దాన్ని ఆమె ముందు పెట్టాలని పోయిన వానకాలమంతా దానితో కుస్తీ పట్టాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా ఊరి ఎండాకాలం గురించి చెప్పాలి.

మాది కృష్ణ ఒడ్డున ఊరు. డ్యాం కట్టాక ఊరు నీళ్ళ కిందికి పోయింది, ఇప్పుడు దాని మీద పుట్టీలు వేసుకుని చేపలు పట్టేవాళ్ళు తిరుగుతుంటారు. మా చిన్నప్పుడు మాత్రం నీళ్ళంటే ఊరి కింద ఎక్కడో రాళ్ళ మధ్య మెరిసే సన్నటి గీత. పైన మాకున్నదంతా ఎర్ర దుబ్బ నేలలు, సీతాఫలం పొదలు, మాఘం దాటగానే పొద్దున్నే పెనంలా కాలే బండలు. దసరా దాటి జొన్న కోతలయ్యాక మా నాయిన, అమ్మ గుంపు మేస్త్రి వెంట మట్టిపనికి పోయేవాళ్ళు, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి, ఏ దేశమో కూడా మాకు తెలియదు. ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు, మిగతా సగం ఇళ్ళలో ముసలివాళ్ళు, మాలాంటి పిల్లలు. మమ్మల్ని పెంచింది అక్కే. అప్పటికి దానికీ పట్టుమని పన్నెండేళ్ళు లేవు. పొద్దున అంబలి, మధ్యాహ్నం జొన్న రొట్టె మీద ఉల్లికారం, చెట్టు చిగురిస్తే చింతచిగురు పప్పు. నల్లమల దిక్కు నుంచి చెంచులామెలు గంపల్లో తునికి పండ్లు, మొర్రి పండ్లు తెస్తే దోసెడు జొన్నలిచ్చి తీసుకునేది, కుర్మయ్యకు పెద్దవి, నాకు మెత్తవి, తనకు గింజలు. ఆ గింజలు నోట్లో వేసుకుని సాయంత్రం దాకా చప్పరిస్తుండేది.

మా ఇంటి ముందు ఏనుగు పడుకున్నంత నల్లబండ ఉండేది. ఏనుగంత కాదులెండి, రెండు మంచాలంత. దాని మీద మా తాత తండ్రో ఎవరో ఉలితో పులి-మేక గీతలు చెక్కాడు: పెద్ద త్రికోణం, దాని కొస నుంచి కిందికి జారే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. పులి మేక మీది నుంచి దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కూడి పులికి దూకే సందు లేకుండా చుట్టేస్తే పులి కట్టినట్టు. పులులు చింతగింజలు, మేకలు ఏటి నుంచి ఏరుకొచ్చిన తెల్లరాళ్ళు. మధ్యాహ్నం బండ మీదికి వేపచెట్టు నీడ జరగ్గానే ముగ్గురం చేరేవాళ్ళం. కుర్మయ్య ఎప్పుడూ పులే. వాడికి మేకల దిక్కు కూర్చునే ఓపిక ఉండేది కాదు. అక్క ఎప్పుడూ మేకలే. పుర్ర చెయ్యి దానిది, ఎడమ చేత్తో రాయిని పెట్టి వేలు తియ్యకుండా వాడి మొహం చూసేది. వాడు కళ్ళార్పితే అక్కడే వదిలేది, ఆర్పకపోతే ఇంకో చోట పెట్టేది.

“పెట్టవే జల్ది, మేక ముసల్దయితుంది,” అని వాడు గునిసేవాడు.

“నీ పులి పండ్లూడినంక పెడ్త తియ్,” అనేది అక్క.

వాళ్ళిద్దరినీ ఓడించినవాణ్ణి నేనేనని చాలాచోట్ల చెప్పుకున్నాను. నేను ఆడిందే తక్కువ. కింద పడ్డ రాళ్ళు ఏరిచ్చేవాణ్ణి, ఎవరు ఓడితే వాళ్ళను ఎక్కిరించేవాణ్ణి.

ఆ ఆటకు మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఎండాకాలం ఎంతసేపు ఆడుకున్నా ఎవరూ ఏమీ అనరు. మృగశిర, మా మాటలో మిరుగం కార్తె, వచ్చిందంటే మాత్రం బండను పేడతో అలికి గీతలు మూసేయాలి. చేన్లో పనుండగా ఆటకు కూర్చుంటే వాన చూసి అలిగి పోతుందని తాత అనేవాడు. మేకలుగా ఆడిన తెల్లరాళ్ళను తీసుకుపోయి నాగలి తీసిన మొదటి సాలులో పారేసేవాళ్ళం, మళ్ళీ ఎండాకాలానికి కొత్తవి ఏరుకోవాలి. అలికేది అక్కే. పచ్చి పేడలో జర ఎర్రమట్టి కలిపి, బండకు ఒక మూల మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చేత్తో వంపులు వంపులుగా తిప్పుకుంటూ వెనక్కి జరిగేది. మిరుగం నాడే మా అమ్మా నాయిన తిరిగొచ్చేవాళ్ళు కూడా. అందుకని ఆట మూసే రోజంటే మాకు పండుగ. ఒకపక్క పేడ వాసన, ఒకపక్క చింతపండు పులుసులో ఉడికే చేపల వాసన, తాత నోట్లో పెట్టే ఇంగువ బెల్లం ఉండ, దారి మీద మూటలతో కనిపించే మనుషుల్లో మనవాళ్ళెవరా అని వెతకడం. ఒక మిరుగానికి నాయిన ఒక్కడే వచ్చాడు. కాలువ గట్టు విరిగి పడిందని చెప్పాడు, అంతకంటే ఏమీ చెప్పలేదు. అక్క అలుకుతున్న చెయ్యి ఆపి ఆయన వెనక దారి దిక్కు కాసేపు చూసింది. తర్వాత మిగిలిన సగం బండ అలికేసింది. కుర్మయ్య మేకలను ఒళ్ళో పోసుకుని, సాలులో పారెయ్యనని ఒకటే ఏడుపు.

ఊరు మునిగాక మేము చెల్లాచెదురయ్యాం. అక్కను వీపనగండ్ల దిక్కు ఒక రైతు ఇంటికిచ్చారు. నేను వనపర్తి చేరాను. కుర్మయ్య పాలిటెక్నిక్ చదివి, కంప్యూటర్లు ఈ దిక్కుకు కొత్తగా వచ్చిన రోజుల్లో, నాగర్‌కర్నూల్‌లో ఒక అద్దె గదిలో పిల్లలకు నేర్పేవాడు. వాడికి కంప్యూటర్ నేర్పింది నేనే. అంటే, వాడు ఇంటికొచ్చినప్పుడు దుకాణంలో టైపు మిషన్ ముందు కూర్చోబెట్టాను, అంతే. ఆ గదిలోనే వాడు ఖాళీ ఉన్నప్పుడల్లా కూర్చుని మా బండ మీది ఆటను కంప్యూటర్‌కు రాశాడు. రాయడం అయ్యేసరికి శ్రావణమాసం. నాతోపాటు వీపనగండ్లకు వచ్చి అక్కకు చెప్పాడు.

“ఈసారి పులి తరఫున నేనాడనక్కా, మిషినే ఆడ్తది. ఎండాకాలం రా, చూపిస్త. కట్టు చూద్దాం.”

“మిషిన్‌కు కండ్లుంటయా? మొకం చూడకుంట నేనెట్ల ఆడేది?” అంది అక్క. “సరే తియ్, కంది కోతలయినంక వస్త. నీ మిషిన్ పులిని గూడ కట్టిపడేస్త.”

పుష్యమాసంలో కొత్తకోట రోడ్డు మీద వాడి స్కూటర్‌ను లారీ గుద్దింది. వాడి సామాను నేనే తెచ్చుకున్నాను: బట్టలు, నాలుగు పుస్తకాలు, ఒక ఫ్లాపీ. ఫ్లాపీ మీద వాడి చేతిరాతలో ‘అక్క’ అని ఉంది. రేకుపెట్టెలో పెట్టాను. అది తెరవబుద్ధి కాలేదు, తర్వాత తెరిచే యంత్రాలే లేకుండా పోయాయి.

పోయిన ఏడు ఎండలు ముదిరే వేళకు అక్క కడుపులో గడ్డ బయటపడింది. దవాఖానలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి దసరా చూడడం కష్టమన్నాడు. నేను అక్కకు చెప్పలేదు, అది నన్ను అడగలేదు. మిరుగం పోయాక ఒక మధ్యాహ్నం నేను వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంటే అదే అంది.

“కుర్మిగాని ఆట ఉన్నదా నీ దగ్గర?”

“ఉన్నదక్కా.”

“వాడికి మాటిచ్చిన. కట్టుత అన్న. జర తెచ్చి పెట్టు రాదూ, ఒక్కపారి ఆడ్త. మళ్ళ నిన్ను పరేషాన్ చెయ్య.”

“వారంలో తెస్త, నాకదెంత పని!” అన్నాను. నా గొప్పలకు అలవాటుపడ్డ మనిషి, నవ్వి ఊరుకుంది.

వారంలో ఫ్లాపీ చదివే పెట్టె కూడా దొరకలేదు. హైదరాబాదు పాతసామాన్ల బజారు నుంచి నడవని పాత కంప్యూటర్ డబ్బాలు తెప్పించి, విప్పగా విప్పగా ఒకదానిలో పనిచేసేది దొరికింది. ఫ్లాపీకి బూజు పట్టింది, దూది పుల్లతో తుడిచి, తిప్పి తిప్పి చదివించగా చదివించగా ఆట నా కొత్త ల్యాప్‌టాప్‌లోకి దిగింది. నొక్కితే, ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో నడవదని నీలం పలక వచ్చింది. అప్పటి ప్రోగ్రాముల భాష ఇప్పటి యంత్రాలు మర్చిపోయాయట. పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం ఒకటుంటుంది, దాన్ని ముందు పెట్టుకుని దానిలో ఆటను నడపాలి. అది తెలుసుకోవడానికే రోజులు పట్టింది. అప్పుడు ఆట మొదలైనట్టే మొదలై, సున్నాతో భాగించానని ఒక ముక్క రాసి చచ్చిపోయింది. అది ముందు తానున్న యంత్రం ఎంత వడిగా ఉందో కొలుచుకుంటుంది. ఈ వడి దాని లెక్కకు అందలేదు. నటించే ప్రోగ్రాంలో వేగం తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, కుర్మయ్య కాలం నాటి నడకకు తెచ్చాను.

అప్పుడు తెర వెలిగింది. ఆనందంతో కేక పెట్టాను. మా బండ గీతలు, అదే త్రికోణం, కనిపించీ కనిపించకముందే తెర ఎడమ మూల నుంచి మట్టి రంగు, ఆకుపచ్చ కలిసిన ఏదో వంపులు వంపులుగా పాకుతూ గీతలన్నిటినీ మింగేసింది. ఆ తర్వాత ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. రంగుల తప్పనుకున్నాను. పాత ఆటలకు రంగులు పదహారే, కొత్త తెరలకు కోట్లు, ఆ లెక్క కుదరక తెర చెడిపోతుందని ఎక్కడో చదివాను. రంగుల లెక్కలు మార్చాను. తెర కొలతలు మార్చాను. నటించే ప్రోగ్రాంనే మార్చి ఇంకోటి పెట్టాను. వేగం ఇంకా తగ్గిస్తే ఆ వంపులు ఇంకా నెమ్మదిగా పాకేవి, అంతే తేడా. పునర్వసు కార్తె పోయింది, పుష్యమి పోయింది. అక్కడ అక్కకు నోటికి గంజి తప్ప దిగడం లేదు. ఆ ఏడు పాలమూరు దిక్కంతా మిరుగంలో రెండు జల్లులు పడి మొగులు ఎగిరిపోయింది. ఆ తడికి విత్తిన పత్తి మొలిచి, బెత్తెడు లేచి, వాడుతూ నిలబడి ఉంది.

ఇక నాతో కాదని ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని వీపనగండ్ల పోయాను. నడవకపోయినా, వాడు రాసిన గీతలైనా క్షణం సేపు చూస్తుంది కదా అని. అక్క మంచం వాకిట్లో పందిరి కింద వేసి ఉంది. ఎదురుగా దాని కొడుకు పత్తి చేను. దిండు ఆసరాగా కూర్చోబెట్టి ఆట నొక్కాను.

“గీతలు వస్తయక్కా, జల్ది చూడు. ఎంటనే ఏదో తప్పు వచ్చి రంగు పూసుకుపోతది. నెలన్నర సంది పెనుగులాడుతున్న, సమజ్ అయితలేదు.”

గీతలు వచ్చాయి. మూల నుంచి వంపులు మొదలయ్యాయి. అక్క కళ్ళు చిన్నవి చేసి చూసింది.

“మళ్ళొకసారి పెట్టు,” అంది. పెట్టాను.

“తప్పేంది రా? అలికిండు వాడు.”

నేను తెర మీదికి వంగాను.

“నా చెయ్యి రా గది. కుడిచేతోళ్ళు అలికితే వంపు గిట్ల తిరగది. నేను గా మూల కెల్లి మొదలువెడ్త, ఎనకకు జరుగుత. మిరుగం వచ్చింది గద, మూసిండు.” అక్క నవ్వింది, నవ్వుకు నొప్పి లేచి పక్కటెముకలు పట్టుకుంది. “తిర్పతిగా, ఇంతకాలం దీన్ని బాగుచేద్దామని చూసినవారా? పేడ కడిగేద్దామనుకున్నవా?”

కంప్యూటర్‌లో తారీకు ఉంటుంది. మిరుగం దాటితే మూసెయ్యమని, కోతలయ్యాక తెరవమని వాడు ఆటకు చెప్పాడు. ఎండాకాలం రా అని వాడు అక్కతో అన్నది నా ముందే. నెలన్నర పాటు నేను చెరపడానికి తంటాలుపడ్డది నా తమ్ముడు అన్నిటికంటే శ్రద్ధగా రాసిన ముక్కను.

“అయితే ఇంకేంది, చిటికెల పని,” అన్నాను, ప్రాణం లేచొచ్చి. “తారీకు మారుస్త. చైత్రమని చెప్తే నమ్ముతది. ఇప్పుడే ఆడొచ్చు నువ్వు.”

“మిషిన్ నమ్ముతది. మొగులు నమ్ముతదా?”

“అక్కా, ఆడితే వాన పోతదా? తాత ఏదో పిల్లలను పనికి తోలనీకి అన్న మాట.”

“పోతదో పోదో నాకు తెల్వదు. తాతకూ తెల్వదు.” అది చేను దిక్కు చూస్తూ అంది. “ఊరంత విత్తులేసి మొగులు దిక్కు చూస్తుండ్రు. నేనెట్లనో పోయేదాన్ని. నా ఒక్కదాని ఆట కోసం గా మాట మీదేసుకొని పోవాల్నా?”

“మరి ఎండాకాలం దాక ఉంటవా?” అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

“ఉండ,” అంది అక్క. “తారీకు ముట్టకు. నన్ను జూసుకోనీ కాసేపు.”

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టించుకుని, చూపు ఆనక దగ్గరికి వంగి, ఆ మట్టి రంగు తెర మీద ఎడమ చేతి వేళ్ళను వంపుల వెంట నెమ్మదిగా జరిపింది. చార్జింగు అయిపోయి తెర నల్లబడే దాకా అట్లాగే జరుపుతూ ఉంది.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, నాలుగు రోజులకు మఖలో వాన దంచింది. చేన్లన్నీ తడిశాయి, చెరువులకు నీళ్ళొచ్చాయి. అక్క నన్ను పిలిపించి, వాన పడ్డది, ఇంక భయం లేదు, తారీకు మార్చురా అంది. మార్చాను. కుర్మయ్య పులులు మూడూ కొసన కూర్చుని ఉన్నాయి. అక్క నాలుగు మేకలు పోగొట్టుకుని, మిగిలినవాటితో ఒక్కొక్క పులినే మూలకు నెట్టి, మూడింటినీ కట్టేసింది. కట్టిన నాడే నిద్రలో పోయింది.

దినాల నాడు పంక్తిలో అన్నం ముందు కూర్చున్నవాళ్ళందరికీ నేను ఇదే చెప్పాను. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత బాగా చెప్పానంటే అక్క కొడుకు కూడా తల వంచుకుని ఊరుకున్నాడు, అతను ఆ చివరి రోజులన్నీ ఆమె పక్కనే ఉన్న మనిషి. అందులో ఒక్క ముక్కా నిజం కాదు. అక్క మళ్ళీ ఆ ఆట ఊసెత్తలేదు. మాట పడిపోయింది, మూడు రోజులు మూలిగి పోయింది. వాన పడలేదు. మఖ పోయింది, పుబ్బ పోయింది. పత్తి చేన్లలోకి గొర్రెలను తోలారు, తర్వాత దున్నేశారు. అక్క కొడుకు ఇంటికి తాళం పెట్టి పనికి పోయాడు.

ఇప్పుడు వైశాఖం. నేను తారీకు ముట్టలేదు. కోతలయ్యే కాలం దాటగానే ఆట దానంతట అదే తెరుచుకుంది, ఏ తప్పూ చూపించడం లేదు. బండ లేదు, ఏటి తెల్లరాళ్ళు నీళ్ళ అడుగున ఉన్నాయి, నాకు తెలిసిన ఇళ్ళన్నిటికీ సిమెంటు వాకిళ్ళే, అలికే చేతులు లేవు. మిరుగం నాడు ఆట మూసేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారేమోనని అయిజ సంత దాకా అడిగి చూశాను, ఎవరికీ తెలియదు. రోజూ మధ్యాహ్నం ఆడుతున్నానని, పులులను కట్టేస్తున్నానని కనిపించినవాళ్ళతో చెప్తున్నాను. ఆడడం లేదు. ఆట మొదలవగానే తెర కింద, తెలుగు రాయడం అప్పటి యంత్రాలకు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో, వాడు ఒక వరుస రాశాడు: అక్కా, నీ వంతు. మేకను పెడితేగానీ ఆ వరుస పోదు, పులి కదలదు. నేను పెట్టను. చార్జింగు అయిపోయేదాకా ఎదురుగా కూర్చుంటాను.